నూరున్నీసా ఆపా గొంతు

ఆర్మూర్ మార్కెట్లో పసుపు ఏరే ఆడవాళ్లలో నూరున్నీసా ఒకతె. పొద్దంతా కొమ్ములు ఒక దిక్కు, గుండ్రటి మండలు ఒక దిక్కు వేరుచేసి, సాయంత్రం అసర్ నమాజు వేళకు ఇల్లు చేరేది. ముందుగదిలో చాప పరిచి, తనను ఆపా, అంటే అక్క, అని పిలిచే ఆడపిల్లలకు ఖురాన్ పఠనం నేర్పేది. ఈ దిక్కున అందరూ చదివే తీరు ఒకటుంటే, తాత దగ్గర నేర్చుకున్న ఇంకో తీరు కూడా ఆమెకు వచ్చు. అందులో కొన్ని మాటల దగ్గర గొంతు 'ఆ' అనబోయి 'ఏ' వైపు ఒరుగుతుంది. అది 'ఆ' కాదు, 'ఏ' కాదు. రాసి చూపితే రాదు. గురువు నోట విని పట్టుకోవలసిందే.

అట్లాంటి తీర్లన్నిటినీ పోగుచేసి నిలబెట్టిన పెద్దాయనను ఆమె ఇమాం సాబ్ అనేది. దాదాపు ఏడువందల ఏళ్ల కిందట డమాస్కస్‌లో పుట్టాడు. ఒక సుల్తాను కొలువులో ఉంటే, వాణ్ణి గెలిచినవాడు ఆయనను సమర్‌ఖండ్‌కు తీసుకుపోయాడు. హజ్‌కు పోతుంటే ఎడారిలో దొంగలు దోచుకున్నారు. చివరికి షీరాజ్‌లో కన్నుమూశాడు. ఎక్కడ పడ్డా శిష్యులను చేరదీసి చెప్పుకుంటూ పోయాడు. "అన్ని గుంజుకున్నరు గని, నోట్లున్నది ఎవ్వడు గుంజుకుంటడు" అనేది ఆపా పిల్లలతో. ఆయన నుంచి ఒకరి తర్వాత ఒకరుగా ఇరవైమంది పేర్లున్న కాగితం ఆమె ట్రంకుపెట్టెలో ఉండేది. చివరి పేరు ఆమెదే.

ఆ తర్వాతి పేరు ఫౌజియాది కావాలని ఆమె ఆశ. వేల్పూర్ నుంచి రోజూ బస్సులో వచ్చే పంతొమ్మిదేళ్ల పిల్ల. ఆ తీరులో ఖురాన్ మొత్తం ముప్పై భాగాలూ గురువు ముందు తప్పు లేకుండా చదివితేనే ఇజాజత్, అంటే ఇతరులకు నేర్పే అనుమతి. ఫౌజియా పంతొమ్మిది భాగాలు ముగించేసరికి ఆపా గొంతు బొంగురుపోయింది. పసుపు దుమ్మే అనుకుని ఏడు నెలలు మిరియాల కషాయంతో నెట్టుకొచ్చింది. పక్కింటి గంగామణి, ఆమెతోపాటే పసుపు ఏరే మనిషి, బలవంతంగా హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయింది. క్యాన్సర్ పుండు ముదిరిందనీ, గొంతుపెట్టె మొత్తం తీసేయాలనీ డాక్టరు చెప్పాడు. పన్నెండో రోజున ఆపరేషన్.

"ఒక్క నెల గడువియ్యుండ్రి సారు. ఒక పిల్ల చదువు మధ్యల ఉన్నది" అని ఆమె చేతులు జోడించింది. నెల ఆగితే ఊపిరే ఆడదన్నాడాయన.

ఆ పన్నెండు రోజులూ ఫౌజియా ఇంటికి పోలేదు. తెల్లవారుజాము ఫజర్ నమాజు నుంచి చీకటి పడేదాకా చదువే. మళ్లీ మళ్లీ దిద్దుకుంటూ ఇరవై ఏడు భాగాలు గట్టెక్కాయి గానీ, అనుకరించే గొంతు లేక ఆ ఒరిగే ధ్వని దగ్గర పిల్ల నాలుక మాటిమాటికీ ఏదో ఒక పక్కకు జారిపోయేది. ఆపా చెప్పి చూపబోతే గరగర తప్ప ఏమీ వినిపించదు. ఫోన్‌లో రికార్డు చేసినా ఆ గరగరే. గొంతు బాగున్నప్పుడు ఫౌజియా రికార్డు చేస్తానంటే, ఎదురుగా కూర్చుని నేర్వవలసిన చదువని ఆపాయే వద్దంది. ఇప్పుడు ఆ మాట తలుచుకుని గోడకు తల కొట్టుకుంది. హైదరాబాద్‌లో ఆ తీరు వచ్చినవాళ్లు లేకపోలేదు. కానీ ఫౌజియా తండ్రి ఆర్మూర్ దాకా బస్సుకే ఒప్పుకున్న మనిషి, అంత దూరం పంపడు.

ఆపరేషనై ఇంటికి వచ్చాక మెడలో చిల్లు, చేతిలో నోటుబుక్కు మిగిలాయి. మిగతా మూడు భాగాలూ అలాగే మొదలుపెట్టారు. తప్పు వస్తే ఆపా పీట మీద వేలితో కొడుతుంది. ఫౌజియా మళ్లీ చదువుతుంది. ఆ ఒరిగే ధ్వని ఉన్న మాట వచ్చింది. వేలు పడింది. మళ్లీ చదివింది. మళ్లీ పడింది. మధ్యాహ్నం దాకా ఆ ఒక్క మాట దగ్గరే. ఆపా నోరు తెరిచి చూపబోయింది. మెడ చిల్లులోంచి గాలి బుస్సుమంది. ఆమె పిడికిలితో తన రొమ్ము మీద కొట్టుకుంటుంటే ఫౌజియా ఆ చేయి పట్టుకుని ఏడ్చింది.

"ఇజాజత్ ఇచ్చెయ్యుండ్రి ఆపా. ఎవ్వరికి ఎర్క అయితది?"

ఆపా నోటుబుక్కు తీసుకుని ఒక్క ముక్క రాసింది.

"నాకు."

ట్రంకుపెట్టెలోని ఆ కాగితం మీద ఫౌజియా పేరు ఎక్కలేదు. ఫౌజియా పది రోజులు రాలేదు. ఆపా గడపలోనే కూర్చుని వేల్పూర్ బస్సులన్నీ చూసేది. గంగామణి అన్నం తెచ్చి పెడితే కెలికి వదిలేసేది.

పదకొండో రోజు ఫౌజియా వచ్చి, చాప పరిచి, చిన్నపిల్లలకు అందరూ చదివే తీరే నేర్పడం మొదలుపెట్టింది. ఆపా పక్కన కూర్చుని వేలితో తప్పులు పడుతుంది. ఆ రెండో తీరు ఇప్పుడు ఆర్మూర్‌లో ఎవరి నోటా లేదు.

ఆ మామూలు తీరులో ఒకచోట, యూసుఫ్ నబీ అనే ప్రవక్త కథలో, చప్పుడు లేకుండా పెదవులు మాత్రం గుండ్రంగా చుట్టే అక్షరం ఒకటుంది. వినేది కాదు, చూసి నేర్చేది. అక్కడికి వచ్చినప్పుడు ఫౌజియా చదవడం ఆపి పక్కకు జరుగుతుంది. పిల్లలు ఆపా పెదవుల వైపు చూస్తారు.