బోర్డు మీద రాసిన ఇంటిపేరు

అది 2022 ఏప్రిల్. కరీంనగర్ బస్టాండ్ వెనక, మెడికల్ షాపు పై అంతస్తులో నా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు. అప్పుడు ఫ్రాన్స్‌లో ఎన్నికలు. మేం రోజూ చదివే ఇంగ్లిష్ పేపర్ నిండా నోరు తిరగని పేర్లే. నాకు అదే పండగ. పదిమంది ముందు ఫ్రెంచి పేరు పలకడమంటే నాకు ఛాతీ ఉప్పొంగుతుంది, దాచుకోవడమెందుకు.

ఒకరోజు ‘దుబ్వా’ అన్న పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో బోర్డు మీద రాశాను. అందరూ ‘డుబాయిస్’ అన్నారు. చివరి అక్షరం పలకరని, ఫ్రెంచివాళ్లు పేరు చివర ఒత్తితే ఇంగ్లండువాళ్లు చాలాసార్లు మొదట్లోనే ఒత్తేస్తారని చెప్పాను. వార్తలో మొదటిసారి పూర్తి పేరు రాసి, ఆ తర్వాత ఇంటిపేరు ఒక్కటే వాడతారు. దాన్ని సెకండ్ రిఫరెన్స్ అంటారు.

“ప్రెసిడెంటును గూడ ఉత్త ఇంటిపేరుతోటే అంటరా సార్? అయ్యో!” అంది సరోజన. పిల్లల బడి పెట్టాలని ఇంగ్లిష్ నేర్చుకుంటున్న గృహిణి ఆమె. వాళ్లింటి మేడ మీద గదిలోనే సుధాకర్ అద్దెకుండేవాడు. కాగజ్‌నగర్ పిల్లవాడు. హైదరాబాద్‌లో ఒక ఇంగ్లిష్ పత్రిక ఉద్యోగానికి ఇంటర్వ్యూ నెల రోజుల్లో ఉంది. నేను చెప్పాక ‘దుబ్వా’ను మొదటిసారే సరిగ్గా పలికింది అతనొక్కడే.

మర్నాడు రోల్ ప్లే పెట్టాను, అంటే వేషం కట్టి మాట్లాడించడం. అందరూ ఫ్రాన్స్ మంత్రులు, ఇంటిపేర్లతోనే పిలుస్తానన్నాను. ఒక్కొక్కరూ నవ్వుతూ తమ ఇంటిపేరు చెప్పారు. సుధాకర్ మాత్రం “నాకు సుధాకర్ చాలు సార్” అన్నాడు.

“మంత్రివి, గట్లంటె పేపరోళ్లు ఊకుంటరా?” అంటూ అతని అడ్మిషన్ ఫారం తీసి, అందులోని ఇంటిపేరు బోర్డు మీద పెద్దగా రాశాను. చివర ఫ్రెంచి ఒత్తు పెట్టి మరీ చదివాను. కొందరు నవ్వారు. సరోజన నవ్వలేదు, తల వంచుకుని నోట్‌బుక్ సర్దుకుంది. సుధాకర్ లేచి తన పాఠం చక్కగానే చెప్పి కూర్చున్నాడు. ఆ పేరును ఇక్కడ మళ్లీ రాయను.

రెండు రోజులకు సరోజన క్లాసు అయ్యాక ఆగింది. “మీరేమనుకోకుండ్రి సార్. గా పిలగాణ్ణి గది ఖాళీ జెయ్యమన్నం. నాకైతే ఏం లేదు. మా అత్తమ్మ ఊకుంటలేదు. నల్లా ఒక్కటే, దేవుని అర్ర పక్కనే...”

“మీ ఇష్టం అమ్మా” అన్నాను. అంతే అన్నాను. సిగ్గుండాలి నాకు.

సాయంత్రం సుధాకర్ బ్యాగుతోనే వచ్చాడు. “గది ఇచ్చేటప్పుడు ఊరు, పని అడిగిండ్రు గని ఇంటిపేరు అడుగలే సార్. నేను చెప్పలే. మీరు బోర్డు మీద రాసేముందు ఒక్కసారి నా మొఖం జూడాల్సింది.”

“నాకు తట్టలే సుధాకర్.”

“ఫ్రాన్స్ పేర్లన్ని తెల్సు మీకు. మన పేర్లు తెల్వయా?”

తెలుసు. ఎందుకు తెలియదు! నా ఇంటిపేరు చెబితే ఈ ఊళ్లో ఎవరూ తలుపు వేసుకోరు. అందుకే నాకు తట్టలేదు.

“ఒక్క నెల సార్. యాడన్న గది జూస్తరా? ఇంటర్వ్యూ దాక ఉంటె సాలు.”

“జూస్త, ఫికర్ జెయ్యకు” అన్నాను. నాలుగు రోజులు స్నేహితుడి దగ్గర సర్దుకుని, నా నుంచి ఫోన్ రాక కాగజ్‌నగర్ వెళ్లిపోయాడు. ఇంటర్వ్యూకి వెళ్లలేదని తర్వాత తెలిసింది. నేను ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడి పెట్టేశాడు.

ఇప్పుడు నా క్లాసు అడ్మిషన్ ఫారంలో ఇంటిపేరు గడి లేదు. ‘మిమ్మల్ని ఏమని పిలవాలి?’ అని మాత్రం ఉంటుంది. పాఠం నేర్చుకున్నానని అందరికీ చెప్తుంటాను. ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. గది చూస్తానని అతనికి మాటిచ్చిన రోజు, మా ఇంటి మేడ మీద గది ఖాళీగానే ఉంది.