మద్రాసుకు గంటన్నర

అప్పట్లో నేను రాజాంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మా పిన్ని సముద్రం ఒడ్డున మా సొంతూళ్లోనే ఉండేది. చిన్నాన్న ఏడాదిలో ఎక్కువ నెలలు చెన్నై హార్బరులో మరబోట్ల మీద పనిచేసేవాడు. మా వైపు మగవాళ్లు చాలామంది అంతే.

ఒకరోజు పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది.

"మీ సిన్నాన్న సెయ్యి తాడులో పడిపోనాదట. ఆసుపత్రిలో ఉన్నాడట. నన్ను రైలెక్కించీయే."

బోటులో వల లాగే మిషను చక్రానికీ తాడుకీ మధ్య చెయ్యి నలిగిపోయిందట. మర్నాడే ఆపరేషన్. రైళ్లలో బెర్తులు లేవు. దొరికినా ఆమె వెళ్లేసరికి ఆలస్యమైపోతుంది. మధ్యాహ్నం విశాఖ నుంచి వెళ్లే విమానానికి ఇద్దరికీ టికెట్లు తీసి, కాలేజీలో సెలవు చెప్పి, కారు మాట్లాడుకుని బయల్దేరాను. హైవే మీద మా ఊరి మలుపు దగ్గర ఒక గుడ్డసంచీతో నిలబడి ఉంది పిన్ని.

"ఇమానమైతే ఎంతసేపే?" అంది కారెక్కుతూనే.

"గంటన్నర పిన్నీ."

"నన్ను ఊరుకోబెట్టడానికి సెప్పకు. నిజం సెప్పు."

ఎంత చెప్పినా నమ్మలేదు. పాపం, ఎలా నమ్ముతుంది? పెళ్లికో పేరంటానికో రమ్మంటే "అంత దూరం నుంచి ఎలా వస్తాను" అనేవాడు చిన్నాన్న. పోనీ తనే వస్తానంటే "అంత దూరం నువ్వేటొస్తావు" అనేవాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ వింటున్న మాట.

విమానం లేచేటప్పుడు నా మణికట్టు పట్టుకుని కళ్లు మూసుకుంది. కాసేపటికి మెల్లగా కిటికీలోంచి చూసింది.

"ఒసే, అది సముద్రమే? కదల్దేటి?"

"కదుల్తాది పిన్నీ. పైనుంచి తెలీదు."

దూరంగా నీళ్ల మీద రెండు మూడు బోట్లు, ఆవగింజలంత. వాటినే చూస్తూ "మనిసి అవుపించడు," అనుకుంది తనలో తను. పొద్దుట్నుంచీ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

చక్రాలు నేలను తాకాయి. అందరూ లేచి సంచులు దించుకుంటున్నారు. పిన్ని మాత్రం కదల్లేదు.

"మద్రాసే?"

"మద్రాసే. దిగుదాం రా."

"ఇంత దగ్గరని తెలిస్తే నాను ఏనాడో వచ్చీద్దును కదే," అంది.

ఆసుపత్రిలో చిన్నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే కట్టు కట్టిన చేతి మీదికి దుప్పటి లాక్కున్నాడు.

"ఎలా వచ్చీసినావు? పొద్దున్నే కదా తెలిసింది నీకు!"

"ఇమానంలో. గంటన్నర."

"అంత దూరం నువ్వు..."

"ఏటి దూరం? ఇంకెప్పుడూ నాకాడ ఆ మాటనకు."

ఆయన గోడవైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. పిన్ని దుప్పటి తీసి, ఆ చేతిని జాగ్రత్తగా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను టీ తెస్తానని బయటికి వచ్చేశాను.

రెండు వేళ్లు దక్కలేదు. సెలవు అయిపోయి నేను వచ్చేశాను కానీ, కట్టు విప్పేదాకా పిన్ని అక్కడే ఉండి ఆయన్ని తీసుకొచ్చింది. మళ్లీ బోటెక్కలేదు చిన్నాన్న. ఊళ్లోనే చిరిగిన వలలు బాగుచేస్తున్నాడు. వల అల్లే కండెకు దారం చుట్టడం ఆ చేతితో కుదరదు కాబట్టి అది పిన్ని పని. మొన్న నేను వెళ్లేసరికి "మరీ బిగించీసినావు" అని ఆయన విసుక్కుంటున్నాడు. "అయితే నువ్వే సుట్టుకో" అంటూనే ఆమె ఇంకో కండె అందుకుంది.