చెట్టు లేని నీడ

సర్వే ఆఫీసులో ముప్పై ఒక్కేళ్లు పటాలకు నకళ్లు తీసిన ఆవిడను వీధిలో అందరూ ట్రేసరమ్మ అనేవారు. అసలు పటం మీద పల్చటి కాగితం పరిచి, నల్లసిరాతో గీతకు గీత దించడం ఆవిడ పని. ఉన్న గీత వదలకూడదు, లేని గీత గీయకూడదు. అన్నేళ్లలో ఒక్క మెమో కూడా అందుకోలేదని ఆవిడకు గర్వం.

రిటైరయ్యాక ఆ చేతులకు ఏమీ తోచలేదు. అన్నం ముందు కూర్చున్నా వేలితో బల్ల మీద సరిహద్దులు గీసేది. అది చూడలేక, ఆసుపత్రి ల్యాబులో పనిచేసే చెల్లెలు నీటిరంగుల పెట్టె కొనిచ్చింది. ఇద్దరూ పెళ్లి జోలికి పోలేదు. ఒకే ఇల్లు, ఒకే వంటగది, రోజుకో తగువు.

మొదట్లో రంగులు ఆవిడ మాట వినలేదు. స్కేలు పట్టుకు బతికిన మనిషి. నీళ్లు ఇష్టం వచ్చిన వైపు పాకుతుంటే ఒళ్లు మండేది. క్యాలెండర్లు చూసి కొండలూ పడవలూ వేసింది. వీధి చివర గదిలో బొమ్మలు నేర్పే డ్రాయింగు మాస్టారు వాటిని ఓపిగ్గా తిరగేసి, "ఎవరో చూసిన కొండలు మీకెందుకండీ? మీ పెరట్లో ఏముందో చూసి వేయండి," అన్నాడు.

పెరట్లో గొప్పగా ఏమీ లేదు. తూర్పున బట్టలుతికే బండ. పడమటి గోడ వారగా ఒక జామచెట్టు, ఒక మందారం. మధ్యలో ఖాళీ నేల, దాని మీదుగా బట్టలారేసే తీగ. ట్రేసరమ్మ రోజూ తొమ్మిదింటికి బండ మీద కూర్చునేది. వీపున ఎండ, ఒళ్లో అట్ట. పచ్చగా ఉంటుందనుకున్న మందారం ఆకులో నీలమూ, పసుపూ, అంచున కాస్త ఎరుపూ కనిపించేసరికి ఆవిడకు లోకం కొత్తగా తోచింది. ఇక పెరడు వదల్లేదు.

పద్నాలుగు బొమ్మలయ్యాక ఒక ఆదివారం వాటిని హాల్లో నేల మీద పరిచింది. చెల్లెలు టీ గ్లాసుతో వచ్చి నిలబడి చాలాసేపు చూసింది.

"నీడ బాగా కుదిరింది. చెట్టేదక్కా?"

అప్పుడు చూసింది ట్రేసరమ్మ. ప్రతి బొమ్మలోనూ ఖాళీ నేల మీద నీలి బూడిదరంగు నీడ పడి ఉంది. కొమ్మలు విప్పుకున్న పెద్ద చెట్టు నీడ. ఆ రంగు కలిపినట్టు గుర్తుంది. ఎందుకు కలిపిందో గుర్తులేదు. గబగబా పెరట్లోకి వెళ్లింది. నేలంతా తెల్లటి ఎండ.

మర్నాడు చెల్లెలు సెలవు పెట్టి మరీ పక్కన కాపలా కూర్చుంది. అక్క చూపు నేల మీదే ఉంది. కుంచె నీలంలో ముంచి, గోధుమరంగు కలిపి, కొమ్మ తర్వాత కొమ్మ దించుతోంది. చెల్లెలు ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

"అక్కడ ఎండ ఉందక్కా."

"నీడ ఉంది కాబట్టే వేస్తున్నాను," అంది ట్రేసరమ్మ. కుంచె కింద పెట్టి తలెత్తింది. ఎండే. మళ్లీ కుంచె తీసుకుంది. అక్క చేతి మీద రోమాలు నిక్కబొడుచుకోవడం చెల్లెలు చూసింది.

కంటి డాక్టరు దగ్గరకు వెళ్దామని చెల్లెలు పట్టుబట్టింది. వెళ్లారు. కళ్లలో ఏ లోపమూ లేదన్నాడు. అప్పుడు ట్రేసరమ్మ తనకు తెలిసిన పద్ధతి పట్టింది. ఖాళీ నేలలో ఒక కర్ర పాతి, దాని ఎత్తునూ, తొమ్మిదింటికి దాని నీడనూ టేపుతో కొలిచింది. ఆ లెక్కన బొమ్మలోని చెట్టు ఇరవై ఆరు అడుగులు తేలింది. నీడ మొదలు ఎక్కడో చూద్దామని బొమ్మ పట్టుకుని నేల మీద అడుగులు వేసుకుంటూ పోయింది. కాలు బండకు తగిలి ఆగింది. ఇన్నాళ్లూ తాను కూర్చున్నది చెట్టు మొదట్లో. ఇంకోటి కూడా అప్పుడే గమనించింది: వీపున ఎండ పడుతున్నా, ఏ బొమ్మలోనూ తన నీడ లేదు.

వాళ్లకు ఆ ఇల్లు అమ్మిన టైలరు రెండు వీధుల అవతలే ఉంటాడు. చెల్లెలు నీడ సంగతి చెప్పకుండా, పెరట్లో ఎప్పుడైనా చెట్టుండేదా అని మాత్రం అడిగింది. ఉండేదన్నాడు. అతని చిన్నప్పుడు తండ్రి కొట్టించాడట. మొదలు మళ్లీ మళ్లీ చిగురిస్తుంటే యాసిడ్ పోయించి, పైన బండ వేయించాడట. చెట్టు పడిన రోజు నుంచి తల్లి నెల్లాళ్లు ఎవరితోనూ మాట్లాడలేదట.

అక్క పెరటి బొమ్మలు వేస్తోందని మాటల్లో విని, టైలరు బొమ్మ చూస్తానని తనే వచ్చాడు. కళ్లజోడు సవరించుకుని, నీడలో కొమ్మ కింద వేలాడుతున్న సన్నని గీత మీద వేలు పెట్టాడు.

"ఇది ఉయ్యాల తాడండీ. ఒకసారి తెగితే మా అమ్మ ఇక్కడ ముడేసింది. ముడి కూడా వేశారే."

ట్రేసరమ్మ ఆ బొమ్మ అతనికిచ్చేసింది. అతను రెండు చేతులతో పట్టుకుని, దారిలో మడత పడకుండా నెమ్మదిగా నడిచి వెళ్లాడు.

చెల్లెలు ఇక చాలించమంది. ట్రేసరమ్మ చాలించలేదు. కూర్చునే చోటు మాత్రం మార్చింది. బండ పక్కన స్టూలు వేసుకుని, రోజూ తొమ్మిదింటికి ఉన్నది ఉన్నట్టు దించుతూనే ఉంది. మంచి ఎండాకాలంలో ఒక పొద్దున, తీగ మీది దుప్పట్లు అంచులు ఆరినా, బొమ్మల్లో నీడ పడే చోట మాత్రం తడిగానే ఉన్నాయని చెల్లెలు రెండుసార్లు తడిమి చూసింది. మర్నాడూ అంతే. మూడో రోజు మేకులూ సుత్తీ తెచ్చి, తీగను ఇంటి ముందు వైపుకు మార్చి కట్టింది.

ఎందుకని అక్క అడిగితే, పాత తీగ వదులైందని చెప్పింది.