తర్వాతి ఓడలో రావలసిన భయాలు

1976 జూలై, ఆదివారం మధ్యాహ్నం. ఉన్నవారు: నాన్న, అమ్మ, పక్కింటి ఫాతిమా అత్త, నేను.

ఇన్నేళ్లకు, నిన్న రైతుబజారులో తడి గోనెసంచుల వాసన తగిలి, ఇంటికి రాగానే ఆ ఏడాది డైరీ తీశాను. మా నాన్న చొక్కా వాసన అదే. ఆయన విశాఖ రేవులో టాలీ గుమస్తా. ఓడలో రావలసిన సరుకు ఒక వరుసలో, నిజంగా దిగినది పక్క వరుసలో రాసి సరిచూడడం ఆయన పని. పాతపట్నంలో మా వరసిళ్లు వానాకాలమంతా ఉప్పుగాలికి చెమర్చేవి, దండేల మీద బట్టలు మూడు రోజులకు కూడా ఆరేవి కావు, ఫాతిమా అత్త కుట్టుమిషను చప్పుడూ, ఆవిడ వేయించే భీమిలి ఎండుచేపల వాసనా గోడ దాటి మా ఇంట్లోకి వచ్చేవి. ఇప్పుడు ఆ వరసా లేదు, బస్తాలు లెక్కపెట్టే ఆ ఉద్యోగమూ లేదు.

అప్పటికి నాకు పదేళ్లు. ఆ వేసవిలో మా ఎదురింటి గురవయ్య మామ రేవులో బస్తాలు మీదపడి చనిపోయాడు. అప్పటినుంచి నాన్న పనికి బయల్దేరగానే నాకు కడుపునొప్పి మొదలయ్యేది. బడి మానేసి, ఆయన తిరిగి వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చునేదాన్ని.

నాన్న తనకు తెలిసిన పద్ధతే నాకూ నేర్పాడు. నోటుపుస్తకంలో నిలువుగీత గీసి, ఒక పక్క జరుగుతుందనుకున్నది, రెండో పక్క జరిగినది రాయమన్నాడు. పది రోజులు రాశాను. నొప్పి తగ్గలేదు సరికదా, అన్నం కూడా సయించడం మానేసింది. ఇంతలో, సోమవారం రాకపోతే పేరు కొట్టేస్తామని బడినుంచి కబురొచ్చింది.

ఆ ఆదివారం పుస్తకం తిరగేసింది ఫాతిమా అత్త.

"అన్నా, దీన్ని సూసినావేటి? నిన్న జరగని బెంగ, మొన్న జరగని బెంగ అన్నీ ఇయాల్టి మీదకి ఎక్కించీసింది. నీ కూతురు నీకంటే గట్టి గుమస్తా."

"ఏటమ్మా ఇది?" అని నాన్న నన్నడిగాడు.

"ఈ ఓడలో దిగని సరుకు తర్వాత ఓడలో వొస్తాదని నువ్వే కదా సెప్పినావు," అన్నాను.

అమ్మ నవ్వబోయి ఆగిపోయింది. నాన్న పేజీలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు.

"సరుకైతే ఏదో రేవులో ఎవడో ఎక్కించుంటాడు, అందుకే వొస్తాది. ఈ బెంగని ఎవడెక్కించినాడు?"

"గురవయ్య మామకి వొచ్చింది కదా."

"వొచ్చింది. రాలేదని నాను రాయను," అన్నాడు నాన్న. "నాకూ భయమే. బస్తాల కిందకి ఎల్లేముందు తలెత్తి సూసి మరీ ఎల్తాను. అయినా ఎల్తన్నాను. ఏ రోజు కాయితం ఆ రోజే మూసీ."

"రేపు బడికి సగం దూరం మీయమ్మ వొస్తాది. మిగతా సగం నువ్వొక్కర్తివే," అంది అత్త.

మర్నాడు ఉదయం కొత్త పేజీలో, జరుగుతుందనుకున్న పక్క, ఒక్క మాటే రాశాను: నాన్న రాడు. కడుపునొప్పి అలాగే ఉంది. సగం దారిలో, మందులకొట్టు మలుపు దగ్గర, అమ్మ ఆగిపోయింది. నేను వెనక్కి చూడకుండా నడిచాను. బడిలో రెండో పీరియడప్పుడు రేవు వైపునుంచి సైరన్ మోగింది. దేనికో తెలియదు. బెంచీ అంచు రెండు చేతులతో పట్టుకున్నాను. లేవలేదు.