దయ్యానికి చేసిన కత్తులు

కాలేజీ కంప్యూటర్‌ను ఎండుమిర్చి పొగ పెట్టి మూర్ఛపోయేట్టు చేసిన మనిషి ఈ దేశంలో నేను కాక ఇంకొకరు ఉన్నారేమో తెలియదు. ఉంటే ఒకసారి కలుసుకుని, ఇద్దరం పక్కపక్కన కూర్చుని కాసేపు ఏడవాలని ఉంది. మీరు నవ్వాలనుకుంటే చివర్లో నవ్వండి. మధ్యలో మాత్రం నేను నిజంగానే వణికాను, దాన్ని కాస్త గౌరవించండి.

ఎనభయ్యో దశకం చివరి మాట. హనుమకొండలో ఒక కాలేజీలో కంప్యూటర్ల చదువు చదువుతున్నాను. మాది కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. నాన్న మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని చెమటలు కక్కుతుంటే, నేను ఏసీ గదిలో టెర్మినల్ ముందు కూర్చుని చలికి వణికేదాన్ని. మా వాడలో ఎండాకాలం దగ్గు తెచ్చుకున్న మొదటి ఆడపిల్లను నేనే.

ఆ గదిని మీకు చూపించాలి. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. కిటికీలన్నీ మూసి మందపాటి తెరలు దించి ఉండేవి. పెద్ద యంత్రం ఒక మూల ఎడతెగకుండా మూలుగుతుండేది. దానికి తీగలతో కట్టేసిన టెర్మినళ్ళు, అంటే ఒక్కో తెర, ఒక్కో కీబోర్డు, వరుసగా ఉండేవి, వాడనప్పుడు వాటికి తెల్లగుడ్డలు కప్పేవారు. గది చివర ఇన్‌చార్జి సారు క్యాబిన్. దాని అద్దాలకు, కార్ల అద్దాలకు వేసే నల్లకాగితం అంటించి ఉండేది. మా వైపు తలుపుకు ఎప్పుడూ తాళం.

ఆ యంత్రంలో ఒక ఆట ఉండేది. చదువు ముగించి వెళ్ళిపోయిన ఒక సీనియర్ దాన్ని రాసి, మాకు వారసత్వంగా విడిచి వెళ్ళాడు. పేరు ‘కోట’. బొమ్మల్లేవు, నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు మాత్రమే. లిపి ఇంగ్లీషుది, భాష మనది. ఎన్ని టెర్మినళ్ళ ముందు ఎందరు కూర్చుంటే అందరూ ఒకే కోటలో తిరగొచ్చు, మాట్లాడుకోవచ్చు, సరుకులు అమ్ముకోవచ్చు. ముందు ఏదో ఒక వృత్తి ఎంచుకోవాలి. ఇంట్లో పొద్దంతా మగ్గం చప్పుడే, ఇక్కడ కూడా నేత ఎందుకని నేను కమ్మరిపని ఎంచుకున్నాను.

ఇనుము తవ్వాలి, కాల్చాలి, కొట్టాలి. ‘కొట్టు’ అని టైపు చేస్తే ‘ఇనుము వంగింది’ అని వచ్చేది. అట్లా కొడుతూ పోతే ఒక తుప్పు కత్తి తయారయ్యేది. ఆ కత్తినే మళ్ళీ మళ్ళీ చేస్తుంటే కూలి నుంచి పనివాడు, పనివాడి నుంచి ఉస్తాద్. కోటలో అప్పటికి ఒక్క ఉస్తాద్ కూడా లేడు. మొదటి ఉస్తాద్ నేనే కావాలని పట్టుపట్టాను. కృషితో నాస్తి దుర్భిక్షం అంటారు. నా విషయంలో కృషితో నాస్తి హాజరు. శనివారం క్లాసులకు పోవడం మానేశాను.

ఇందులో ఒక చిక్కుంది. ఆటలాడుతూ దొరికితే టెర్మినల్ పర్మిషన్ రద్దని ఇన్‌చార్జి సారు తలుపు మీద నోటీసు అంటించాడు. పర్మిషన్ పోతే ల్యాబు పోయినట్టే. ల్యాబు పోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే నా చదువు కోసం కులపెద్దలతో కొట్లాడిన మా నాన్న ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? అందుకని శనివారం మధ్యాహ్నాలు, గది ఖాళీగా ఉన్నప్పుడే పోయేదాన్ని. అటెండర్ యాదగిరన్న తలుపు తీసి, బయట స్టూలు మీద కునుకు తీసేవాడు.

“సారున్నడా అన్నా?”

“లేడు చెల్లె. హైదరాబాద్ పోయిండు. ఫికర్ చెయ్యకు.”

ఒక శనివారం నేను చేసిన కత్తులన్నీ కోట అంగట్లో అమ్మకానికి పెట్టాను. ఎవరూ కొనరని తెలుసు. ఆ తుప్పు కత్తితో ఎలుకను కూడా బెదిరించలేం. కానీ ఇట్లా పెట్టి అట్లా చూసేసరికి ఒక్కటీ లేదు. తెర మీద ఒక వరుస ఉంది.

‘కొన్నది: నీడ.’

కోటలో ఎవరెవరున్నారో అడిగాను. రెండే పేర్లు వచ్చాయి. పద్మ, అంటే నేను, ఇంకా నీడ.

గదిలో ఇంకెవరూ లేరు. లేచి వెళ్ళి ఒక్కో టెర్మినల్ మీది తెల్లగుడ్డ ఎత్తి చూశాను, దవాఖాన శవాలగదిలో తనవాళ్ళను గుర్తుపట్టడానికి వచ్చిన మనిషిలాగా. అన్ని తెరలూ నల్లగా, చల్లగా ఉన్నాయి. మెడ వెనకాల చల్లటి గాలి తగిలింది. అది ఏసీ గాలే. ఆ సంగతి ఇప్పుడు తెలుస్తోంది.

మరో శనివారం మళ్ళీ పోయాను. భయపడిన మనిషి మళ్ళీ ఎందుకు పోయిందని అడుగుతారేమో, ఉస్తాద్ పిచ్చి పట్టినవాళ్ళకు దయ్యం లెక్కలోకి రాదు. కత్తులు పెట్టాను, మాయమయ్యాయి. ఈసారి నీడ మాట్లాడింది.

‘ఇంకా చెయ్యి.’

‘ఎవరు మీరు?’ అని టైపు చేశాను. దయ్యమైనా సరే, పెద్దల్ని ఏకవచనంలో పిలవడం మా ఇంట్లో నేర్పలేదు.

యంత్రం మూలుగుతోంది. తర్వాత ఒక్కో అక్షరమే, ఎవరో చీకట్లో తడుముకుంటూ వస్తున్నట్టు తెర మీదికి వచ్చింది.

‘చెయ్యి.’

ఇక చాలనుకుని కుర్చీ వెనక్కి జరిపి లేచాను. తెర మీద ఇంకో మాట పడింది.

‘కూర్చో.’

కూర్చున్నాను. మీరైనా కూర్చునేవాళ్ళే. నేను లేచిన సంగతి ఒక పచ్చ అక్షరానికి ఎట్లా తెలిసింది? కన్నీళ్ళు కారుతున్నా కొడుతూనే ఉన్నాను. ఇనుము వంగుతూనే ఉంది. బయట మిట్టమధ్యాహ్నం, మండుటెండ, రిక్షాల గంటలు. లోపల నేను ఎవరో తెలియనివాళ్ళకు వెట్టిచాకిరీ చేస్తున్నాను. కాసేపు కత్తులు కొనడం ఆగగానే, వెనక్కి తిరిగి చూడకుండా ఒక్క పరుగున బయటపడ్డాను.

యాదగిరన్న స్టూలు మీద ఉన్నాడు.

“అన్నా, ఈ గదిల ఇంతకుముందు ఎవరుండేటోళ్ళు?”

“ఓ టైపిస్టమ్మ ఉండె చెల్లె. మస్తు మంచిది. పొద్దుందాక టక్‌టక్ కొట్టుకుంటనే ఉండేది.”

“ఇప్పుడేది?”

ఆయన పెద్దగా నిట్టూర్చాడు. “పోయింది.”

నాకు ఇంకేం కావాలి? టైపు చేయడం వచ్చిన దయ్యం. ఆ వారమంతా అన్నం సయించలేదు. మగ్గం చప్పుడు విన్నా ‘చెయ్యి, చెయ్యి’ అన్నట్టే అనిపించింది. మా మేనత్త లచ్చమ్మ నా వాలకం కనిపెట్టింది. వాడలో ఎవరికి దిష్టి తగిలినా, గాలి సోకినా పిలుపు ఆమెకే. నన్ను వంటింట్లో కూర్చోబెట్టి మొత్తం చెప్పించుకుంది.

“కత్తులడుగుతాందా?”

“అవునత్తమ్మా.”

“అడిగినయి ఇస్తానవా?”

“ఇస్తాన.”

“గదే తప్పు. ఊరికే కొనరు మహానుభావులు. గియ్యాల కత్తులడిగినోళ్ళు రేపు నెత్తురడుగుతరు. శనివారం నేనొస్త.”

వద్దన్నాను. సారు నోటీసు గురించి చెప్పాను. “దయ్యం పట్టినంక ఇంక నోటీసేందే,” అంది.

అన్నట్టుగానే వచ్చింది. చేతిలో టిఫిన్ క్యారేజీ, చంకలో వేపమండ. యాదగిరన్న అడిగితే “పిల్లకు బువ్వ తెచ్చిన” అంది. అబద్ధం కాదు. పై గిన్నెలో పప్పన్నం ఉంది. కింది గిన్నెలో నిప్పులున్నాయి.

నేను టెర్మినల్ ముందు కూర్చుని కోటలోకి వెళ్ళాను. నీడ అప్పటికే అక్కడ ఉంది. అత్తమ్మ ఆ పచ్చటి అక్షరాలను కళ్ళార్పకుండా చూసి, కొంగు నడుముకు చుట్టుకుంది. నేల మీద నిప్పుల గిన్నె పెట్టి సాంబ్రాణి చల్లింది, వేపాకు వేసింది, ఆ మీద గుప్పెడు ఎండుమిర్చి వేసింది. కిటికీలన్నీ మూసిన గదిలో పొగకు పోయే దారేది? మెల్లగా పైకి లేచి, తెల్లగుడ్డల మధ్య తిరుగుతూ, గోడమీది ఏసీ గొట్టంలోకి పాకింది.

తెర మీద అక్షరాలు పడ్డాయి.

‘ఏం కాలుతోంది?’

“ఏమంటాంది?” అంది అత్తమ్మ.

“ఏం కాలుతాందని అడుగుతాంది.”

“తగుల్తాందన్నట్టు. ఇంకిన్ని మిర్పకాయలందియ్యి.”

అందించాను. నా జీవితంలో అంత వినయంగా చేసిన తప్పుపని ఇంకొకటి లేదు. ఇద్దరం కొంగులు, చున్నీలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాం. పెద్ద యంత్రం మూలుగు స్వరం మారింది. ఒకసారి గట్టిగా గురకపెట్టినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. తెర మీది అక్షరాలన్నీ ఒక్క చుక్కగా ముడుచుకుని, ఆ చుక్క కూడా ఆరిపోయింది. లైట్లు పోయాయి. ఆ నిశ్శబ్దంలో, తాళం వేసి ఉన్న క్యాబిన్ తలుపును లోపలి నుంచి ఎవరో బాదడం మొదలుపెట్టారు.

తాళం ఊగుతోంది. నా ప్రాణం కూడా.

బాదుడు ఆగింది. గోడ అవతల వరండాలో అడుగుల చప్పుడు, తడబడుతూ, మా వైపే. గది తలుపు దడాలున తెరుచుకుంది. పొగలో ఒక ఆకారం నిలబడింది. ముఖం మీద తెల్లటి తువ్వాలు, ఎర్రటి కళ్ళు, నోట్లోంచి మాట కాదు, ఈల లాంటి శబ్దం. నేను టేబుల్ కిందికి దూరాను. అత్తమ్మ ముందుకు దూకి వేపమండతో ఒక్కటిచ్చింది.

“ఎవరు నువ్వు? చెప్పు.”

“ఇన్‌... ఇన్‌చార్జిని...”

“పేరు మార్చి చెప్తానవా?” ఇంకొకటి. “మా పిల్లను ఎందుకు పట్టుకున్నవ్? ఏం గావాలె నీకు? కోడి గావాల్నా, కల్లు గావాల్నా?”

ఆకారం మోకాళ్ళ మీద కూలబడి, దగ్గుల మధ్య నిజం కక్కింది.

“కత్తులు... ఇంకో పది కత్తులమ్మా... కొట్టకండి.”

ఆ గొంతు నాకు తెలుసు. ఆ గొంతే మాకు డేటా స్ట్రక్చర్స్ చెప్పేది.

నీళ్ళ బిందెతో యాదగిరన్న పరుగెత్తుకొచ్చాడు. కిటికీలు తెరిచాక అసలు సంగతి బయటపడింది. సారు హైదరాబాదు పోలేదు. మార్కుల కోసం వచ్చేవాళ్ళ పోరు పడలేక, లేడని చెప్పమని యాదగిరన్నకు చెప్పి, వరండా వైపు తలుపులోంచి క్యాబిన్‌లోకి చేరేవాడు. ఆయనకూ అక్కడ ఒక టెర్మినల్ ఉంది. కోటలో ఆయనది వడ్రంగం, ఒక్కో విల్లు చెక్కడానికి ఒక్కో కత్తి అరిగిపోతుంది. నల్లకాగితంలోంచి బయటి నుంచి లోపలికి కనపడదు, లోపలి నుంచి బయటికి దివ్యంగా కనపడుతుంది. నేను లేస్తే ఆయన విల్లు ఆగిపోతుంది. అందుకే ‘కూర్చో’.

“మరి టైపిస్టమ్మ పోయింది అంటివి?” అని యాదగిరన్నను పట్టుకున్నాను.

“పోయింది గద. డోర్నకల్‌కు. ఆమె మొగనికి ఆడికి బదిలీ అయింది, రైల్వేల నౌకరి. మొన్ననే మామిడికాయ తొక్కు పంపింది.”

సోమవారం సారు క్యాబిన్‌కు పిలిచాడు. నా చదువు అంతటితో సరి అనుకుని, నాన్నకు ఏం చెప్పాలో దారి పొడుగునా వల్లె వేసుకుంటూ పోయాను. ఆయన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చెంప మీద వేపమండ గీతలున్నాయి. హైదరాబాదు నుంచి వచ్చిన మెకానిక్ పక్క గదిలో యంత్రం విప్పి, బ్రష్‌తో దులుపుతూ, తుమ్ముతూ, “ఇదేం దుమ్ము సార్?” అని అడుగుతున్నాడు. సారు నా ముఖం చూశాడు. నేను నేల చూశాను.

“వరంగల్ దుమ్ము,” అన్నాడు సారు.

తర్వాత తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు. “నోటీసు నేనే రాసిన. నేను నిన్ను పట్టుకుంటే నువ్వు నన్ను పట్టుకున్నట్టే. అందుకని నువ్వు నన్ను చూడలే, నేను నిన్ను చూడలే. మీ అత్తమ్మ అసలు రాలే. సరేనా?”

“సరే సార్.”

“జర మిషిన్ బాగుకాని. మిగిలిన పది కత్తులు ఎప్పుడు చేస్తవ్?”

చేసి పెట్టాను. చేయక చస్తానా? ఆ నెలాఖరుకు కోట గోడ మీద మొదటి ఉస్తాద్ పేరు పడింది. నీడ, వడ్రంగి.

కాబట్టి పాఠకులారా, మా ఇంటి మగ్గం మీద ఒట్టు పెట్టి ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకముందు నేను ఏ కోటలోనైనా, ఏ జన్మలోనైనా కమ్మరినైతే, కొనేవాడు సంతకం పెట్టిన హాజరు పట్టీ ముందు నా చేతిలో పెట్టాలి. లేకపోతే ఉల్లిగడ్డ కోసే చాకు కూడా అమ్మను.