కిటికీ పక్క కుర్చీ

ఇంటిల్లిపాదీ ఇరుక్కుని బతికేది ఒక ఇల్లు, ఆవిడ ఫోన్లో లోకానికి చూపించేది ఒక మూల: కిటికీ, కుర్చీ, ఓ పూలకుండీ. ఆ మూల చుట్టూ నేలమీద నీలం టేపు అంటించింది. రోజూ పొద్దున్నే విడిచిన బట్టల్నీ పిల్లల బ్యాగుల్నీ కాలితో టేపు ఇవతలికి నెట్టి, వీడియో మొదలుపెడుతుంది. అంతసేపూ వాళ్లాయన గోడకి అతుక్కుని నించుంటాడు, అత్తగారు దగ్గొస్తే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. చివర్లో ఆవిడ నవ్వుతూ, "మీ ఇల్లే అనుకోండి" అంటుంది. అప్పుడు ఇల్లంతా ఒక్కసారిగా దగ్గుతుంది.

మొన్న వాళ్లక్క ఫోన్ చేసింది. "ఆపరేషనయ్యాక మంచంమీద పిచ్చెక్కుతోందే. నీ వీడియోలు చూస్తే ప్రాణం లేచొస్తోంది. ఓ వారం వచ్చి ఆ కుర్చీలో కూర్చోనా?"

అక్కని చూసి రెండేళ్లయింది. ఆవిడ పెచ్చులూడిన గోడకేసి, కాళ్ల దగ్గరి బట్టల గుట్టకేసి చూసింది.

"ఇంటికి రంగులేయిస్తున్నామక్కా. ఆ వాసన నీకు పడదు."

"మళ్లీనా? కిందటిసారీ రంగులేగా!" అక్క నవ్వేసింది. "సర్లే, వీడియోలు మాత్రం మానకు."

మర్నాడూ ఆవిడ బట్టలు నెట్టింది, నవ్వింది, "మీ ఇల్లే అనుకోండి" అంది. వీడియో పెట్టిన నిమిషానికే మొదటి లైకు పడింది. అక్కదే.