ఓబులేసు బండిలో ఉరుము

2022 వేసవి. అనంతపురంలో నేను కార్ ఆడియో షాపు పెట్టి అప్పటికి పదహారేళ్లు. అన్నేళ్లలో తెలియక చేసిన తప్పులు కొన్ని ఉన్నాయి. తెలిసి చేసినది ఒక్కటే, అదీ అసూయతో చేశాను. మంచి సబ్‌వూఫర్ ఎలా ఎంచుకోవాలని ఎవరైనా అడిగితే వాట్ల లెక్కల కంటే ముందు ఈ సంగతే చెప్తాను.

సబ్‌వూఫర్ అంటే సంగీతంలో అన్నిటికంటే కింది శబ్దాలను పలికించే పెద్ద స్పీకర్. డోలు దెబ్బ లాంటివి మామూలు స్పీకర్ మోయలేదు. ఆ శబ్దం చెవికి వినిపించేదాని కంటే ఒంటికి తగిలేదే ఎక్కువ.

బెళుగుప్ప వైపు ఒక ఊరికి మా తాత రెడ్డి. ఊరి పెత్తనం మా గడప దాటి పోయేది కాదు. మా నాయన కాలంలో వానలు పోయాయి. ఆయన పదకొండు బోర్లు వేయించాడు. దుమ్ము తప్ప ఏమీ పైకి రాలేదు, నేలంతా అమ్మిన డబ్బు ఆ గుంతల్లోకే పోయింది. నేను డిప్లొమా చదివి వైర్లు పట్టుకున్నాను. ఎవరో జాలిపడాలని ఇది రాయడం లేదు. నా షాపులో బేరం ఉండదు, ఎవరి ముందూ నడుము వంచి మాట్లాడటం ఉండదు. ఆ ఇంటి నుంచి నాకు వచ్చింది అంతే.

మే నెలలో ఒక మధ్యాహ్నం షాపు ముందు కొత్త బండి ఆగింది. ఏడు సీట్లది, నల్లది. షోరూం అద్దం బయట నిలబడి నేను మూడుసార్లు చూసి వచ్చిన బండే. అందులోంచి ఓబులేసు దిగాడు. మా ఊరివాడు. మా నాయన ఆఖరి బోరు వేయించినప్పుడు రిగ్గు మీద కూలి, ఒళ్లంతా తెల్లటి రాతిపొడి. ఇప్పుడు రెండు రిగ్గు లారీలు అతనివే. నీళ్లు పడినా పడకపోయినా రిగ్గువానికి అడుగుల లెక్కన ముట్టాల్సిందే కదా. మమ్మల్ని ముంచిన బోరే అతన్ని ఒడ్డుకు చేర్చింది.

"ఏమన్నా, బాగుండావా?" అన్నాడు.

వాళ్ల నాయన మా నాయనను "సామీ" అనేవాడు. ఈ "అన్నా" నాకు ముల్లులా దిగింది.

"ఏం కావాల?" అన్నాను.

"సబ్‌వూఫర్ కావాలన్నా. నీ షాపులో ఉండేవాట్లో అన్నిటికన్నా గట్టిది."

"అంత గట్టిది ఎందుకు?"

అప్పుడు చెప్పాడు. వాళ్ల నాయన నరసింహులు ఉరుము వాయించేవాడు. మా వైపు దేవర్లలో, అంటే ఊరి అమ్మవారి జాతరల్లో, వాయించే రెండు ముఖాల వాద్యం అది. ఒక ముఖాన్ని పుల్లతో కొడతారు, రెండో ముఖం మీద వంపు కర్రను రుద్దుతారు. రుద్దితే మేఘం గుర్రుమన్నట్టు ఉంటుంది. రెండేళ్లుగా నరసింహులుకు చెవులు వినపడవు. చెవి మిషన్ పెట్టించినా లాభం లేకపోయింది. ఉరుమును మూలన పెట్టేశాడు, మనుషులతో మాట్లాడటం కూడా మానేశాడు.

"చెవులు పోతే పోనీలే, ఒంటికి తగులుతాది గదన్నా! ఎప్పుడో కాలేజీ అయ్యవారొకాయన మంచి మైకులు పెట్టి వాళ్ల మేళాన్ని రికార్డు చేసినాడు. ఇదో, దీంట్లో ఉండాది." పెన్ డ్రైవ్ నా బల్ల మీద పెట్టాడు. "ఆయన ఉరుము ఆయన ఎదకు తగలాల. మనిషి మళ్లా మాట్లాడాల. అంతే నాకు గావాల్సింది."

నేను నమ్మలేదు. నమ్మడం ఇష్టం లేకపోయింది అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. కొత్త దుడ్లు చూసినవాడు మొదట కొనేది చప్పుడే, ఊరంతా అదరగొట్టడానికి ముసలాయన పేరు వాడుకుంటున్నాడు అనుకున్నాను.

నాకు ఒక పద్ధతి ఉంది. బండిలో ఎవరు ఏ సీట్లో కూర్చుంటారు, ఏం వింటారు అని అడిగి, వాళ్లు వినేదాన్ని నేను విన్నాకే సామాను తీస్తాను. ఆ రోజు ఏమీ అడగలేదు. పెన్ డ్రైవ్ బల్ల మీదే ఉండిపోయింది.

ఇక్కడ కొంచెం పని గురించి చెప్పాలి. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసే వాట్లు పీక్ పవర్, స్పీకర్ ఒక్క క్షణం తట్టుకునేవి. చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే గంటల తరబడి మోయగలిగే శక్తి. యాంప్లిఫయర్ ఆర్‌ఎంఎస్ దానికి సరిపడాలి. అంతకంటే ముఖ్యమైనది స్పీకర్‌ను కూర్చోబెట్టే చెక్క బాక్స్. పోర్టెడ్ బాక్స్‌కు గాలి ఆడే గొట్టం ఉంటుంది. చప్పుడు పెద్దది, కానీ కింది శబ్దాలన్నీ ఇంచుమించు ఒకే దడగా వస్తాయి. సీల్డ్ బాక్స్ అన్ని వైపులా మూత. చప్పుడు తక్కువ, కానీ శబ్దం ఎంతవరకు ఉందో అంతవరకే పలికి ఆగుతుంది.

పన్నెండు అంగుళాల స్పీకర్ మంచిదే తీశాను. దాన్ని ఉన్నవాటిలోకెల్లా పెద్ద పోర్టెడ్ బాక్స్‌లో పెట్టి, డిక్కీ చివర, వెనక అద్దం వైపు తిప్పి బిగించాను. అలా పెడితే లోపలివాళ్ల కంటే రోడ్డు మీదివాళ్లకు బాగా తెలుస్తుంది. నీకు కావాల్సింది ఇదే కదా, తీసుకో అన్నట్టు. ఆ డిక్కీలో మోకాళ్ల మీద కూర్చుని స్క్రూలు తిప్పుతుంటే కొత్త సీట్ల వాసనకు కూడా నాకు కోపం వచ్చింది. మా ఇంటి మనిషి వాళ్ల ఇంటి మనిషి బండిలో మోకాళ్ల మీద! ఇంకో మాట తోచలేదు. పని కాగానే ఏదో సినిమా పాట పెట్టాను. ఎదురు షాపు షట్టరు గలగలలాడింది. ఓబులేసు పెన్ డ్రైవ్ తీసుకుని నవ్వుకుంటూ పోయాడు.

నాలుగో రోజు తిరిగి వచ్చాడు. ముందు సీట్లో వాళ్ల నాయన. ఓబులేసు కోప్పడి ఉంటే నాకు సుఖంగా ఉండేది. అతను కోప్పడలేదు.

"నాయనకు తెలియలేదన్నా. ఏమయిందో చూడు" అని మాత్రం అని పెన్ డ్రైవ్‌లోని ఉరుము పెట్టాడు.

నరసింహులు డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించాడు, కాసేపటికి తీసేశాడు. వినపడనివాళ్లు మాట్లాడినట్టు పెద్ద గొంతుతో అన్నాడు: "ఇది రిగ్గు రా ఓబులా! నీ బోరు లారీ అదురు. ఉరుము గాదు."

అప్పుడు నేను బండెక్కి కూర్చుని ఆ రికార్డింగు మొదటిసారి విన్నాను. అర నిమిషం చాలింది. కర్ర చర్మం మీద రుద్దుకుంటూ పోయేటప్పుడు ఉరుము శబ్దం కిందనుంచి లేచి, మెలి తిరిగి, అణుగుతుంది. నా బాక్స్ ఆ మెలికలన్నీ తినేసి ఒకటే దడ కక్కుతోంది. మొదటి రోజే విని ఉంటే ఈ బాక్స్ ముట్టుకునేవాణ్ణి కాదు.

"తప్పు నాదే" అన్నాను. మా ఇంట్లో ఈ మాట అలవాటు లేదు. "బండి రెండు రోజులు వదిలిపో. బాక్స్ మారుస్తా."

"ఇంగా పెద్దది పెడతావా?"

"లేదు, దీంట్లో సగం."

"ఏమప్పా, గట్టిది అడిగితే సగం అంటావు?"

"స్పీకర్ అదే ఉంటాది. ఇల్లు మారుతాది. ఈసారి నన్ను నమ్ము."

"ఆ పొద్దు మాత్రం నమ్మలేదా?" అన్నాడు. తగలాల్సిన చోటే తగిలింది.

పద్దెనిమిది మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క తెచ్చి, కొలతలు రాసుకుని, సీల్డ్ బాక్స్ నేనే కోసి చేశాను. అంచులన్నీ గాలి చొరకుండా మూశాను. చివరి వరస సీట్లు మడిచి, బాక్స్‌ను నడిమి సీటు వీపుకు ఆనించి, స్పీకర్ ముఖం ఆ సీటు వైపే పెట్టి నేలకు బోల్టులతో బిగించాను. మూసిన కారు చిన్న గది లాంటిది, కింది శబ్దాలకు అదే బలమిస్తుంది. ముసలాయన కూర్చోవాల్సింది ముందు కాదు, ఆ నడిమి సీట్లో.

కూర్చోబెట్టాం. పక్కన కొడుకు. నేను ముందు కూర్చుని రికార్డింగు పెట్టి అద్దంలో చూస్తున్నాను. మొదట ముసలాయన కదల్లేదు. తర్వాత వీపు సీటుకు ఇంకా దగ్గరగా ఆనించాడు. కుడి చెయ్యి తొడ మీద నెమ్మదిగా రుద్దడం మొదలుపెట్టింది. ఓబులేసు ఆ చేతినే చూస్తున్నాడు.

ఉన్నట్టుండి నరసింహులు అరిచాడు: "ఎవడ్రా వీడు? మూడో సుట్టుకు చెయ్యి బరువు జేస్తాండాడు!"

ఓబులేసు వేలితో తండ్రి ఎదను పొడిచి చూపించాడు. "నువ్వే నాయనా! నువ్వే!"

"నేనా?"

"ఊ!"

ముసలాయన ఇంకొంతసేపు సీటుకు వీపు ఆనించి ఉన్నాడు. "అయితే ఇంగా నేర్చుకోవాల్సింది ఉండాది. ఇంటికి పా, పోదాం" అన్నాడు. తలుపు తీసుకుని దిగబోయాడు కూడా, బండిలోనే పోవాలన్నది మరిచిపోయి.

ఓబులేసును పక్కకు పిలిచి అడిగాను. "దాంట్లో ఆరుగురు వాయిస్తాండారు. అది మీ నాయనేనని నీకెట్ల తెలుసు?"

"నాయన చెయ్యి తెలీదా అన్నా?" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ఆ తర్వాత నేను ఏ కస్టమర్ చెప్పిన కారణాన్నీ మనసులో కొట్టివేయలేదు. వినకుండా బాక్స్ తీయలేదు. సామాను తెలిసినంత మాత్రాన పని వచ్చినట్టు కాదు. ఎదుటివాడు తనకేం కావాలో చెప్తుంటే, అతని మీద నాకున్న లెక్కలు పక్కన పెట్టి వినడం కూడా పనే. ఈ పాఠం నాకు ఓబులేసు బండిలో వచ్చింది.

ఆ బండి మీద అసూయ ఆ వారంలోనే పోయింది. నిజంగానే పోయింది. కానీ "నాయన చెయ్యి తెలీదా" అని అతను అన్న ఆ చివరి మాట మీద ఇప్పటికీ ఉంది. మా నాయన చేసిన చప్పుడేదైనా వినిపించి ఎవరైనా ఇది ఎవరు అని అడిగితే, నేను గుర్తుపట్టలేను.